మాడిన జిగురు

మెంగ్ సూఛిన్‌ని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. లుంగ్‌జ్యాంగ్‌లో ఆమెను ఎరిగినవాళ్ళెవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. టీ దుకాణంలో నలుగురూ కూర్చుని ఆవిరి కుడుములు తింటుంటే ఆమె చెయ్యి బల్ల అంచు తడుముతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట అంచుకి అంటించిన సన్నని పట్టీ లేచే ఉంటుంది. ఊరు ఊరంతా బీరువాలూ మంచాలూ చేసి లోకానికి పంపుతుంది గాని, టీ దుకాణాల బల్లలు మాత్రం ఎప్పుడూ చౌకరకమే. సంచిలోంచి చిన్న జిగురు ట్యూబు తీసి, అక్కడికక్కడే అతికించి, బొటనవేలితో అదిమి పట్టుకుని, చల్లారిపోయిన కుడుము అప్పుడు నోట్లో వేసుకుంటుంది. "దుకాణం వాడేమైనా నీకు జీతం ఇస్తున్నాడా?" అని ఆమెతో పాటే ఫ్యాక్టరీ ప్యాకింగులో పనిచేసే త్యాన్ అక్క వెక్కిరిస్తే, "లేచిన పట్టీ పక్కనుంటే నాకు ముద్ద దిగదు" అంటుంది.

రక్తపరీక్షకని ఆసుపత్రికి వెళ్ళినా అంతే. చీటీలు రాసే కౌంటరు అంచు ఊడి వేలాడుతోంది. సూఛిన్ దాన్ని నొక్కింది, గోటితో గీకింది, వంగి లోపలికి చూసింది. "ఏమ్మా, ముందు చెయ్యి ఇటు పెట్టు" అని నర్సు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. "జిగురు చల్లారాక పట్టీ వేశారు. ఇది ఇంకో నెల కూడా ఆగదు" అని నర్సుకి చెప్పింది సూఛిన్. నర్సుకి ఏం అర్థమవుతుంది, పాపం. సూది గుచ్చి పంపేసింది.

ఆమె పుట్టింది గ్వాంగ్‌షీ కొండల్లో, మొక్కజొన్న తప్ప మరొకటి పండని ఊళ్ళో. ఇరవై ఆరేళ్ళప్పుడు మొగుడు పాన్ దలిన్ వెంట బస్సెక్కి ఇక్కడికొచ్చింది. ఇప్పుడు నలభై తొమ్మిది. మొదట నాలుగేళ్ళు గరుకు కాగితం పట్టుకుని చెక్కలు రుద్దింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఫ్యాక్టరీ, ఒకే షెడ్డు, ఒకే మిషను. బోర్డుల అంచులకు పట్టీలు వేసే రెండో నంబరు మిషను అది. తల దగ్గర పాన్ నిలబడి బోర్డు ఎక్కిస్తాడు, తోక దగ్గర సూఛిన్ నిలబడి దించుకుంటుంది. మధ్యలో ఎనిమిది అంగల దూరం. ఆ దూరంలోనే కత్తి అంచును నున్నగా చెక్కుతుంది, కాగిన జిగురు పూత పడుతుంది, చుట్టలోంచి పట్టీ వచ్చి అతుక్కుంటుంది, రోలర్లు నొక్కుతాయి, ఎక్కువైన పట్టీ తెగిపోతుంది. ఆ హోరులో మాట వినపడదు. అంచేత ఆ మొగుడూ పెళ్ళాల సంభాషణంతా బోర్డుల మీదే నడిచేది.

బోర్డు దించుకున్నాక సూఛిన్ బొటనవేలి గోరును ఈ కొస నుంచి ఆ కొస దాకా అంచు మీద లాగి చూస్తుంది. గోరు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు ఉన్నట్టు. జిగురు గీత నల్లగా కనిపించినా తప్పే, మూల చిట్లినా తప్పే, పట్టీ కింద గాలి ఉన్నా తప్పే. అలాంటి బోర్డు మీద ఎర్ర సుద్దతో అడ్డగీత కొట్టి, తిరుగు బండిలో వేసి, అరచేత్తో దాన్ని గట్టిగా రెండుసార్లు చరుస్తుంది. ఈ షెడ్డులో అదే పద్ధతి. చరుపు వినపడితే తల దగ్గరున్న మనిషి మిషను ఆపి, తప్పెక్కడుందో చూసుకోవాలి. అయితే ఆ చప్పుడు అతనికొక్కడికే వినపడదు, షెడ్డంతటికీ వినపడుతుంది. మొగుడూ పెళ్ళాలు నడిపే మిషను మీద వినపడిందా, ఇక చెప్పేదేముంది.

"ఏం పాన్ అన్నా, ఇంట్లో తిన్నవి చాల్లేదా, ఇక్కడ కూడా వడ్డిస్తోంది?" అని త్యాన్ అక్క ప్యాకింగు వైపు నుంచి అరిచేది. త్యాన్ అక్కది కారానికి పేరుపడ్డ హునాన్. ఆమె నోటికీ ఆమె తినే మిరపకాయలకీ పెద్ద తేడా లేదు.

కాకపోతే పాన్‌కి ఆ చప్పుడు నెలకోసారి వినపడితే ఎక్కువ. అతనికి అలాంటి ముక్కుంది మరి. జిగురు గుళికలు కుండలో కరిగి సరిగ్గా కాగినప్పుడు ఒక వాసన, మాడబోయే ముందు సన్నగా చేదు వాసన. కుండకి వేడి చూపే మీటరు లేకపోలేదు. కానీ లోపలి పుల్ల చుట్టూ మాడిన జిగురు పేరుకుపోయి, కుండ ఎంత కాగినా అది నూట తొంభై డిగ్రీల దగ్గరే నిలబడేది. "అది గోడ మీది పాత క్యాలెండరు. ఉంటే ఉండనీ" అనేవాడు పాన్. రెండు సెకన్లు వంగి వాసన పట్టి, వేడి తగ్గించే మీట వెంట్రుకవాసి తిప్పేవాడు. పక్క షెడ్లవాళ్ళు కూడా కుండ సరిగా లేదనిపిస్తే వచ్చి అతన్ని పిలుచుకుపోయేవాళ్ళు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గాని, అలా పిలిచినప్పుడు మాత్రం భుజాలు కాస్త వెనక్కి వెళ్ళేవి. సూఛిన్ అది తోక దగ్గర నుంచి చూసి లోలోపల మురిసిపోయేది.

కిందటేడాది జనవరిలో ఊరంతా జ్వరాలతో పడింది. పాన్ పన్నెండు రోజులు మంచం మీద ఉండి, సగమై తిరిగొచ్చాడు. వచ్చిన మొదటి వారం బోర్డులు ఒకదాని వెంట ఒకటి తప్పుగా దిగాయి. సూఛిన్ తన పద్ధతిలో తాను చరిచింది. సోమవారం నాలుగు, మంగళవారం ఆరు. బుధవారం పొద్దున్నే మూడోసారి చరిచేసరికి షెడ్డంతా గొల్లుమంది. షెడ్డు పెద్ద హో మేస్త్రీ కూడా అటుగా వెళ్తూ, "ఏం పాన్, జ్వరం దిగిందా, జిగురు కుండలోకి ఎక్కిందా?" అన్నాడు. ఎనిమిది అంగల దూరం నుంచి సూఛిన్ చూసింది. మొగుడి మెడ వెనక భాగం ఎర్రబడింది. తల తిప్పలేదు, మీట పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాతి బోర్డు కూడా తప్పే. సూఛిన్ చెయ్యి ఎత్తింది, చరచడానికి మనసొప్పలేదు. బోర్డుని చడీచప్పుడూ లేకుండా తన బల్ల కిందికి తోసింది.

అలా మొదలైంది. రెండు రోజులు చూద్దాం, ఒంట్లో నీరసం తగ్గితే చెయ్యి అదే కుదురుకుంటుంది అనుకుంది. రెండు రోజులు రెండు నెలలయ్యాయి, పద్నాలుగు నెలలయ్యాయి. అందరూ భోజనానికి లేస్తే ఆమె లేవదు. "కడుపులో బాగాలేదు" అంటుంది, "మీరు పదండి, వస్తున్నా" అంటుంది. బల్ల కింద దాచిన బోర్డులు బయటికి తీస్తుంది. పట్టీ కాస్త లేచిన చోట ఇస్త్రీపెట్టె ఆనించి, జిగురు మెత్తబడ్డాక చిన్న రోలరుతో నొక్కుతుంది. బొత్తిగా ఊడినదైతే పట్టీ మొత్తం పీకి, పాత జిగురు గీకేసి, డబ్బాలోని జిగురు రాసి కొత్తది అంటిస్తుంది. చిట్లిన మూలకి మైనం నింపి ఆకురాయితో సమం చేస్తుంది. నల్లగీత మీద రంగు పెన్ను నడిపిస్తుంది. అయిపోయాక చూస్తే అదే బోర్డని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఇంత పనితనం ఎవరికీ తెలియకూడదనే పనితనం కావడమే దరిద్రం.

చెప్పొద్దూ, మనిషి అందులో పడి సగమైంది. నిలబడ్డచోట నిలవదు, కూర్చున్నచోట కూర్చోదు. మిషను నుంచి బోర్డు దిగుతుంటే గుండెలు పీచుపీచుమంటాయి, ఇది ఎలా ఉంటుందో అని. మొగుడి మీద మహా కోపం. కళ్ళు పెట్టి చూసుకోవచ్చు కదా కుండని. ఒకటి రెండుసార్లు ఇంట్లో అనీ చూసింది.

"కుండ కాస్త చూసుకోరాదూ?"

"చూసుకుంటూనే ఉన్నాగా. ఏం, ఏమైంది?"

"ఏం కాలేదులే."

ఇక్కడితో ఆగిపోయేది ఆ మాట. కక్కలేదు, మింగలేదు.

ఈ మార్చిలో చెమ్మరోజులు వచ్చాయి. గోడలు చెమర్చి, నేల జారుతూ, తుడిచిన అద్దం తుడిచినట్టే మసకబారే రోజులు. ఒక మంగళవారం మధ్యాహ్నం హో మేస్త్రీ సూఛిన్‌ని పక్కకి పిలిచి ఫోను చూపించాడు. ఉత్తరాన జీలిన్‌లో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు ఫొటోలు పంపారు. ఇక్కడి నుంచి వెళ్ళిన బీరువాలు. హీటర్లు పెట్టిన గదుల్లో తలుపుల అంచు పట్టీలు అరటి తొక్కల్లా ఊడి వేలాడుతున్నాయి.

"లేబులు మీద మీ మిషను నంబరే ఉంది" అన్నాడు హో. "ఆ ఆశ్రమానికే ఇంకో అరవై బీరువాలు. శుక్రవారం కంటైనరు ఎక్కాలి. రేపు పొద్దున నేనే పట్టకారు పెట్టి లాగి చూస్తా. పట్టీతో పాటు చెక్క పొట్టు లేచి వస్తే సరే. ఉత్త పట్టీ ఊడొచ్చిందనుకో, నీ మొగుణ్ణి మిషను మీంచి దించక తప్పదు. గేటు దగ్గర కాపలా పని ఖాళీగా ఉంది. ఇంటికెళ్ళి నెమ్మదిగా చెప్పు."

సూఛిన్ పాన్‌ని గేటు దగ్గర ఊహించుకుంది. మడత కుర్చీ వేసుకుని లారీలకి తలుపు తీసే పాన్. పక్క షెడ్లవాళ్ళు వచ్చి పిలుచుకుపోయే పాన్. ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడలేదు.

ఇంటికెళ్ళి చెప్పలేదు. చెబుదామనే మట్టికుండలో బియ్యం పోసి, మీద తీపి సాసేజి ముక్కలు పరిచి, అతనికిష్టమైన అన్నం పొయ్యి మీద పెట్టింది. మాట నోటిదాకా రాక, ఆరని బట్టలు ఇంకొకసారి చూసివద్దామని వరండాలోకి పోయింది. అవి మూడు రోజులుగా ఆరడం లేదు, మళ్ళీ చూస్తే ఆరుతాయా? చొక్కా పిండింది, దులిపింది, మళ్ళీ ఆరేసింది. తిరిగొచ్చేసరికి గదినిండా మాడు కంపు. పాన్ పొయ్యికి చెయ్యి చాచే దూరంలో కూర్చుని, ఫోనులో ఎవరిదో చదరంగం ఆట చూస్తున్నాడు.

"ఏమయ్యా, కుండ మాడుతుంటే పక్కనే కూర్చున్నావేంటి?"

పాన్ తలెత్తి ఆమె వైపు చూశాడు. తర్వాత కుండ వైపు చూశాడు. పొగ కనపడ్డాక గాని లేవలేదు. లేచి గబగబా మంట ఆర్పాడు.

సూఛిన్ అది గమనించింది. "నీకు వాసన తెలీలేదా?"

"జలుబు చేసింది."

"ఎప్పట్నుంచి?"

అతను మళ్ళీ ఫోను అందుకున్నాడు. సూఛిన్ మూలనున్న జాడీ తెచ్చింది. ఊరి నుంచి వచ్చిన పులిసిన వెదురుమొలకల జాడీ. మూత తీస్తే కింద అంతస్తువాళ్ళు కూడా కిటికీలు మూసుకునే సరుకు అది. "కళ్ళు మూసుకో" అని మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది. "ఇదేంటో చెప్పు."

పాన్ చాలాసేపు పీల్చాడు.

"సబ్బా?" అన్నాడు.

సూఛిన్‌కి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. జాడీ మూత పెట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడిపోయింది.

"జ్వరం వచ్చినప్పుడు పోయింది" అన్నాడు పాన్, కళ్ళు తెరిచి. "ఇక రాలేదు. నీకు చెబితే నువ్వు నిద్రపోవు. మేస్త్రీకి చెబితే ఉంచడు. మొదటి నెల హడలి చచ్చాననుకో. పనిలోకి తిరిగొచ్చిన వారం నువ్వు చరుస్తుంటే అయిపోయిందిరా దేవుడా అనుకున్నా. తర్వాత రోజంతా నా చెవి నీ వైపే ఉండేది, ఎప్పుడు చరుస్తావా అని. ఒక్కటీ వెనక్కి రాలేదు. వారం గడిచింది, నెల గడిచింది, ఒక్కటీ రాలేదు. అప్పుడర్థమైంది. ముక్కు పోతేనేం, చేతికి వచ్చేసింది పని. మీట ఎక్కడుండాలో దానికే తెలుసు." అతను తన కుడిచెయ్యి చూసుకుని చిన్నగా నవ్వాడు. ఆ భుజాలు కాస్త వెనక్కి వెళ్ళాయి.

సూఛిన్ ఒక్క మాట అంటే చాలు, ఆ నవ్వు ఆరిపోతుంది. అనలేకపోయింది. మాడిన కుండ పట్టుకుని కుళాయి దగ్గరికి పోయి, అడుగు గీకుతూ కూర్చుంది. మాడు పోయాక కూడా గీకుతూనే ఉంది. ఆ రాత్రి ఆమె నిద్ర సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం పొద్దున హో మేస్త్రీ పట్టకారు పట్టుకొచ్చాడు. మిషన్లు ఆపించి, ఆశ్రమం ఫొటోల సంగతి అందరికీ చెప్పాడు. షెడ్డులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మొదటి తలుపు లాగాడు, పట్టీతో పాటు పొట్టు లేచొచ్చింది. రెండోది కూడా అంతే. అవి రెండూ సూఛిన్ భోజనం మాని డబ్బా జిగురుతో మళ్ళీ అంటించినవి. ఆమె వాటిని దూరం నుంచే పోల్చుకుంది. పాన్ చేతులు కట్టుకుని నిబ్బరంగా చూస్తున్నాడు.

మూడో తలుపు ఆమె చెయ్యి పడనిది. పైకి నున్నగా ఉంది, గోరు కూడా ఆగలేదు కాబట్టే అలా వదిలేసింది. పట్టకారు పెట్టగానే పట్టీ ఫర్రుమని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడొచ్చింది. నాలుగోది కూడా అంతే. అయిదోది హో వేళ్ళతోనే లాగేశాడు.

పాన్ ముందుకొచ్చి ఊడిన పట్టీ తీసుకున్నాడు. దాని వెనక ఉన్న జిగురుని గోటితో నొక్కితే పటుక్కున విరిగింది. "ఇది మాడిన జిగురు" అన్నాడు.

"నీ కుండలోదే" అన్నాడు హో.

"నాది కాదు మేస్త్రీ. నా కుండ మాడితే బోర్డులు వెనక్కి రావా? ఏడాది నుంచి ఒక్కటి రాలేదు. కావాలంటే సూఛిన్‌ని అడగండి. ఆమె గోరు దాటి తప్పుడు బోర్డు పోదు. ఈ షెడ్డులో అందరికీ తెలుసు."

అందరూ సూఛిన్ వైపు తిరిగారు. హో మేస్త్రీ చెడ్డవాడు కాదు, తనే ఒక దారి చూపించాడు. "చెమ్మరోజులు కదా సూఛిన్. బోర్డు చెమ్మ పీల్చి ఉంటుందంటావా?"

అవునంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది. చెమ్మ మీదికి తోసేస్తే అడిగేవాడెవడు? గోడలు సైతం చెమట కారుస్తున్నాయి. పాన్ కూడా ఆ మాట కోసమే ఆమె మొహంలోకి చూస్తున్నాడు, అనుమానమన్నది లేకుండా. సూఛిన్ రెండు చేతులూ ఏప్రానుకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"చెమ్మ కాదు" అంది. "తప్పుడు బోర్డులు వస్తూనే ఉన్నాయి. పద్నాలుగు నెలలుగా వస్తున్నాయి. నేనే చరచడం మానేశాను. బల్ల కింద దాచి, భోజనాలప్పుడు బాగుచేసి పంపాను. చేతికి దొరికినవి బాగుచేశాను, దొరకనివి ఇవిగో, ఇలా పోయాయి."

త్యాన్ అక్క చేతిలో పని వదిలేసి ముందుకొచ్చింది.

పాన్ చేతిలో పట్టీని ముక్కలు ముక్కలుగా విరుస్తున్నాడు. "ఎందుకు?" అన్నాడు చివరికి.

"అందరూ నవ్వారయ్యా. నీ మెడ ఎర్రబడింది. చూడలేకపోయాను."

"నవ్వితే నవ్వేవాళ్ళు." అతని గొంతు పెరగలేదు, అదే ఆమెకి భరించరానిదైంది. "నాకు ముక్కు లేదు సూఛిన్. నిన్నటిదాకా నీకు తెలీదు, నిజమే, నేనూ చెప్పలేదు. కానీ నాకు మిగిలింది ఆ రెండు చరుపులే. వాటిని పట్టుకునే నిలబడ్డాను. అవీ తీసేశావు. అవతల ఎవరో ముసలమ్మ బీరువా తలుపు తీస్తే పట్టీ చేతికొచ్చిందట. నేనేమో ఇక్కడ నా చెయ్యి చూసుకుని మురిసిపోతున్నా."

సూఛిన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ పద్నాలుగు నెలల ఆకలీ, ఆ దాపరికం, ఇస్త్రీపెట్టెతో కాల్చుకున్న వేళ్ళూ, అంతా అతని కోసమే అనుకుంది. ఇప్పుడు చూస్తే అతని కళ్ళకి గంతలు కట్టింది తనే. కన్నీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు.

వాసన పోయిన సంగతి అప్పటికి గాని హోకి అర్థం కాలేదు. నుదురు రుద్దుకున్నాడు. "పాన్, వాసన తెలీనివాడిని ఆ కుండ దగ్గర ఎలా ఉంచను? మీటరు మార్చే మనిషి సోమవారం గాని రాడు. కంటైనరేమో శుక్రవారం."

"వాసన నేను చూస్తాను" అంది సూఛిన్, ముక్కు తుడుచుకుంటూ. "మీట ఆయన తిప్పుతాడు. ఊడేవన్నీ పీకేసి మళ్ళీ వేస్తాం. మళ్ళీ చెక్కినందుకు అంచు అర మిల్లీమీటరు తగ్గినా ఆ తలుపులకేం కాదు."

"నీకు వాసన పట్టడం వచ్చా?"

"అన్నం మాడితే తెలుస్తుంది. ఇదీ తెలుస్తుంది."

హో ఆలోచించాడు. "రేపు పొద్దున మొదటి బోర్డులు నా పట్టకారుకి నిలబడాలి. నిలబడితే పాన్ ఈ మిషను మీదే ఉంటాడు. లేకపోతే ఇంకో మాట లేదు, గేటే."

బుధవారమంతా పీకడమే. త్యాన్ అక్క ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుని పట్టీలు పీకింది, పీకినంతసేపూ తిట్టింది. "భోజనానికి రమ్మంటే కడుపునొప్పి అన్నావు. ఏడాదంతా ఏ మనిషికైనా కడుపునొప్పి ఉంటుందా, నాకు బుద్ధి ఉండొద్దూ నమ్మడానికి." పాన్ కుండ విప్పి లోపల పేరుకున్న నల్లటి మాడంతా గీకాడు. పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికి ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళారు, మాట్లాడకుండానే.

గురువారం పొద్దున కుండలో కొత్త గుళికలు పోశారు. త్యాన్ అక్క తోక దగ్గరికి వెళ్ళింది. పాన్ మీట మీద చెయ్యి పెట్టాడు. సూఛిన్ పక్కనే వంగింది. హో మేస్త్రీ, ప్యాకింగువాళ్ళు, పక్క మిషనువాళ్ళు అందరూ చుట్టూ చేరారు. మిషను తల దగ్గర ఆమె నిలబడటం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

"ఎలా ఉంది వాసన?" అన్నాడు పాన్. ముందురోజు నుంచి అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

సూఛిన్ పీల్చింది. అడుగున సన్నగా చేదు తగిలింది. ఇంతమంది ముందు, ఇతని చెయ్యి మీట మీద ఉండగా, తప్పు అని ఎలా అనడం? బుద్ధి చూడండి. అంత జరిగాక కూడా నోరు దానంతట అదే పాతదారి పట్టింది.

"బాగానే ఉంది."

పాన్ బోర్డు ఎక్కించాడు. అవతల త్యాన్ అక్క దించి పట్టుకుంది. చల్లారేదాకా ఆగి హో పట్టకారు పెట్టి లాగాడు. ఉత్త పట్టీ ఊడొచ్చింది.

ఎవరూ నవ్వలేదు. హో పట్టకారు జేబులో పెట్టుకోబోయాడు. పాన్ మొహం పాలిపోయింది గాని మీట మీంచి చెయ్యి తీయలేదు. పెళ్ళాం వైపు తిరిగి, అందరికీ వినపడేలా మళ్ళీ అడిగాడు. "ఎలా ఉంది?"

సూఛిన్ వంగింది. ఈసారి నిటారుగా లేచి, గొంతు పెద్దది చేసి చెప్పింది. "మాడుతోందయ్యా. ఇందాక కూడా మాడింది. అబద్ధం చెప్పాను."

పాన్ మీట తిప్పాడు. కుండ తగ్గడానికి పది నిమిషాలు పడుతుంది. హో గడియారం చూసుకున్నాడు గాని కదల్లేదు.

"ఇప్పుడు?"

"ఇంకా చేదుగానే ఉంది."

"ఇప్పుడు?"

"తగ్గించు. ఇంకా తగ్గించు. చెయ్యి తిమ్మిరెక్కిందా, తిప్పవేం?"

వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. పాన్ మెడ ఎర్రబడింది. సూఛిన్ అది చూసింది. చూసి కూడా ఆగలేదు. "ఇంకాస్త. ఆ. ఇప్పుడు బాగుంది. ఇప్పుడు ఎక్కించు."

ఆ బోర్డుని హో రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. పట్టీ తెగిందే గాని ఊడలేదు. తెగిన ముక్కకి గుప్పెడు చెక్క పొట్టు అంటుకుని వచ్చింది. హో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాన్ చేతిలో పెట్టి, పట్టకారు జేబులో వేసుకుని తన గదిలోకి పోయాడు. శుక్రవారం మధ్యాహ్నానికి అరవై బీరువాలూ కంటైనరు ఎక్కాయి.

సోమవారం మనిషి వచ్చి కొత్త మీటరు బిగించాడు. ఎర్ర అంకెలు, దూరానికి కూడా కనిపిస్తాయి. సూఛిన్ మళ్ళీ తోక దగ్గరికి వెళ్ళింది, తప్పు బోర్డు దిగితే మళ్ళీ చరుస్తోంది, త్యాన్ అక్క మళ్ళీ అరుస్తోంది. అయినా పొద్దున కుండ కాగగానే పాన్ చెయ్యెత్తి పెళ్ళాన్ని పిలుస్తాడు. ఆమె ఆ ఎనిమిది అంగలూ విసుక్కుంటూ నడిచొస్తుంది.

"కళ్ళు కూడా పోయాయా? అంకెలున్నాయిగా ఎదురుగా."

"పాత అంకెలు పదేళ్ళు అబద్ధం చెప్పాయి."

"నేనూ చెప్పానుగా, పద్నాలుగు నెలలు."

"అందుకే రోజూ అడుగుతున్నా" అన్నాడు పాన్. "చెప్పు."

సూఛిన్ వంగి వాసన చూసింది.